తుడిచిన బస్తాలు

నేను ఏ మిల్లు గేటు ముందు దిగినా ముందుగా వినిపించే మాట ఒకటే. "సారు ఎనుక వస్తున్నడా మేడం?" ఏ సారూ రాడు. రావలసిన సారును నేనే. ఈ సంగతి చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు చెప్పడం మానేశాను. భుజాన ఉన్న సంచిలోంచి ఇనుప గొట్టం బయటికి తీస్తాను. బస్తాలోకి గుచ్చి గింజలు లాగే గొట్టం అది. దాన్ని చూశాక వాచ్‌మన్ ఇంకేం మాట్లాడకుండా గేటు తెరుస్తాడు.

నా పనేమిటో మా ఇంట్లోనే సరిగా తెలియదు. మా అత్త చుట్టాలతో "మా కోడలు బియ్యం ఏరుతది" అని చెబుతుంది. అదేమంత తప్పు కూడా కాదు. ఇక్కడి సరుకు పరాయి దేశానికి ఓడెక్కే ముందు దాన్ని చూసి, ఒప్పందంలో అనుకున్నట్టే ఉందో లేదో కొన్నవాడి తరఫున చెప్పడం నా ఉద్యోగం. కొన్నవాడు సముద్రానికి అవతల ఉంటాడు, బియ్యం ఇవతల ఉంటాయి. వాడు వచ్చి చూడలేడు కాబట్టి నా కళ్ళను కిరాయికి తీసుకుంటాడు. నేను బాగుందంటే లారీలు కదులుతాయి. బాగా లేదంటే అందరూ నా మీద పడతారు.

మా ఆఫీసు హైదరాబాదులో ఉంది. నాకు ఈ బొగ్గు బెల్టు అప్పజెప్పేటప్పుడు మా పెద్దసారు నవ్వుతూ, "నువ్వు గోదావరిఖని పిల్లవే కదా, లోకల్, నీకు సులువు" అన్నాడు. ఆ మాట అన్న మనిషిని ఒక్కరోజు నా బదులు ఇక్కడ నిలబెట్టాలని నాకు ఎంత కోరికో. లోకల్ మనిషికే ఇక్కడ కష్టం. ప్రతివాడూ ఏదో ఒక వరస కలుపుతాడు. అక్క అంటాడు, వదిన అంటాడు, మీ బాపు మా కాక ఒక్క గనిలనే చేసిన్రు అంటాడు. చాయ్ తెప్పిస్తాడు, మిర్చీలు తెప్పిస్తాడు. అంతా అయ్యాక నూకలు ఎక్కువున్నాయని చెప్పామా, బియ్యాన్ని కాదు, వాళ్ళింటి ఆడపిల్లను ఏదో అన్నట్టు మొహం పెడతాడు. పరాయి ఊళ్ళో అయితే తిట్టి ఊరుకుంటారు. ఇక్కడ అలుగుతారు. తిట్లు భరించవచ్చు గానీ అలకలు భరించడం నా వల్ల కాదు.

ఇప్పుడు చెప్పబోయే మిల్లు గోదావరిఖని నుంచి పెద్దపల్లి పోయే దారిలో, బొగ్గు లారీలు రాత్రింబగళ్ళు తిరిగే రోడ్డు పక్కన ఉండేది. దాన్ని నడిపినవాణ్ణి నేను తమ్ముడనే పిలుస్తాను, మా కాలనీ వాడే. మా క్వార్టర్‌కు నాలుగిళ్ళ అవతల పెరిగాడు. వాళ్ళ నాయన మా బాపు కింద అండర్‌గ్రౌండులో పనిచేశాడు. తను మాత్రం బొగ్గు మొహం చూడనని చెప్పి, ఇద్దరు భాగస్తులతో కలిసి ఈ మిల్లు పెట్టాడు. ఇన్నేళ్ళూ గవర్నమెంటు వడ్లు ఆడించి ఇవ్వడమే పని. మొదటిసారి విదేశానికి ఉప్పుడు బియ్యం పంపే ఆర్డరు దొరికింది. ఆఫ్రికాలో ఏదో దేశం, కాకినాడ రేవులో ఓడ, మధ్యలో ఒక ఎగుమతి వ్యాపారి.

మొదటి రోజే నేను అడగకుండా అన్నీ చెప్పేశాడు. భాగస్తులిద్దరికీ మిల్లు మీద విరక్తి పుట్టిందట. షెడ్లు గోదాముగా కిరాయికిచ్చుకుంటే ఏ తలనొప్పీ లేకుండా బతకొచ్చని పోరు పెడుతున్నారట. చివరికి మిల్లు ఉంచాలా మూయాలా అన్నది ఈ ఒక్క ఆర్డరు మీద పెట్టుకున్నారు.

"ఈ ఓడ మీదికి మన బియ్యం ఎక్కినయనుకో అక్కా, మిల్లు నడుస్తది. ఎక్కలేదనుకో, తాళమే. నాతోని పాటు గీ మంది అందరు రోడ్డు మీద పడ్తరు."

"నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? నేను బియ్యం సూస్త. నీ తాళం సూడ" అన్నాను. కావాలనే కటువుగా అన్నాను. ఇలాంటి కథలు వింటూ కూర్చుంటే నా పని సాగదు. వాడు ఏమీ అనుకోలేదు. నవ్వి, "సూడుండ్రి, మస్తు సూడుండ్రి" అని గోదాములోకి తీసుకుపోయాడు.

నిజం చెప్పాలి. బియ్యం చాలా బాగున్నాయి. ఈ చుట్టుపక్కల మిల్లుల్లో ఉప్పుడు బియ్యం చూసి చూసి నా కళ్ళకు విసుగు పుట్టింది. కొన్నింటికి రంగు ఎక్కువ, కొన్నింటికి వాసన, కొన్నింట్లో సగం నూకలే. ఇవి మాత్రం గింజకు గింజ ఒక్క తీరుగా, పల్చటి బంగారు రంగులో ఉన్నాయి. పళ్ళ కింద వేసుకుంటే టక్కున విరిగాయి. తేమ కొలిచే మిషను కూడా హద్దులోపలే చూపించింది. పేరు పెట్టడానికి ఒక్కటే దొరికింది. బస్తాలు. కొన్నవాడు తెల్లటి సంచులు, శుభ్రమైన సంచులు కావాలని ఒప్పందంలో గట్టిగా పెట్టించాడు. ఇక్కడ చూస్తే కొత్త సంచుల మీద అప్పుడే బూడిద రంగు పొర. వేలితో గీస్తే గీత పడుతోంది. తలుపులు మూసినా ఆ రోడ్డు పక్కన బొగ్గు దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరికీ తెలియదు.

"ఇవి దులిపియ్యాలె తమ్మీ. పొడి బ్రష్షు పెట్టి దులిపియ్యి. లోడింగు పొద్దుగాల వచ్చి మల్ల సూస్త" అన్నాను.

"గంతేనా అక్కా? అయిపాయె" అన్నాడు.

గంతే. అంత చిన్న మాట. దాన్ని కూడా ఎవడైనా చెడగొడతాడా?

లోడింగు రోజు పొద్దున్నే పోయాను. ఎండాకాలం, అప్పటికే రోడ్డు సెగలు కక్కుతోంది. గోదాము తలుపు దగ్గర తమ్ముడు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. వెనక హమాలీలు, ఆ వెనక ఊడ్చే ఆడవాళ్ళు, అందరూ వరసగా నిలబడ్డారు. నన్ను చూడగానే బస్తాల మీద కప్పిన టార్పాలిన్‌లు లాగేశారు. నేను ఆగిపోయాను. నా జన్మలో ఈ బెల్టులో అంత తెల్లటి సంచులు చూడలేదు. ఒక్కో సంచి మీద అచ్చు వేసిన పరాయి దేశపు అక్షరాలు తళతళలాడుతున్నాయి. నాకూ ముచ్చటేసింది. వీళ్ళకు ఓడ దొరికిందిపో అనుకున్నాను. సంతోషంగానే అనుకున్నాను.

గొట్టం గుచ్చడానికి ఒక బస్తా మీద ఎడమ చెయ్యి ఆనించాను. చల్లగా తగిలింది.

ఆ ఎండలో, ఆ రేకుల షెడ్డులో, బస్తా చల్లగా ఎందుకుంటుంది? గొట్టం గుచ్చి లాగాను. నడిమధ్య గింజలు బాగానే ఉన్నాయి. సంచికి ఆనుకున్న గింజలు ఒకదానికొకటి అంటుకుని చిన్న ముద్దలై బయటికొచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అప్పుడప్పుడే ముక్కిన వాసన మొదలైంది. మిషనులో పోస్తే అంకె హద్దు దాటి పైకి పోయింది. ఇంకో బస్తా గుచ్చాను. పక్క వరసలో, పై వరసలో, మెట్లెక్కి వెనక వరసలో గుచ్చాను. ఎక్కడ గుచ్చినా అదే.

"నీళ్ళు ఎట్ల తగిలినయ్?" అని అడిగాను. గోదాములోకి వాన వచ్చే కాలం కాదు. పైన రేకులకు ఒక్క చిల్లు కూడా లేదు.

సమాధానం ఊడ్చే ఆడవాళ్ళ మేస్త్రీ చెప్పింది. అరవై దాటిన అవ్వ, నడుముకు కొంగు బిగించి, నోట్లో వక్క పెట్టుకుని ముందుకొచ్చింది. "నీళ్ళేడియి బిడ్డా? మేమే తుడిచినం. నిన్న పొద్దంత, ఒక్కొక్క సంచి, అటుదిప్పి ఇటుదిప్పి తుడిచినం. బకీట్ల నీళ్ళు మార్సుకుంట మార్సుకుంట తుడిచినం. సూడు, యాడనన్న సుక్క బొగ్గున్నదా?"

గట్టిగా చెప్పింది, అందరికీ వినపడాలని చెప్పింది. మిగతా ఆడవాళ్ళు సంబరంతో ఇంత మొహాలు చేసుకుని నా వైపు చూశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఊరు తెలియని వాళ్ళకు ఇది పిచ్చిపని అనిపిస్తుంది. మా ఊరివాళ్ళకు ఇదే అసలైన మర్యాద. గోదావరిఖనిలో పుట్టిన ఏ ఆడదీ పొడిగుడ్డను నమ్మదు. పొడిగుడ్డతో తుడిస్తే బొగ్గు పోదు, పాముకుంటుంది. కిటికీ ఊచలు, మంచం కోళ్ళు, టీవీ, దేవుడి పటాలు, ఏదైనా సరే బకెట్టూ తడిగుడ్డే. చుట్టం గుమ్మంలో కనబడగానే కుర్చీని ఒక్కసారి తడిగుడ్డతో రాసి కూర్చోమంటాం. మా ఆయన పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా అమ్మ అలాగే తుడిచిన కుర్చీలో కూర్చోబెట్టింది. లేచి నిలబడితే వెనక ప్యాంటంతా తడి. ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. ఇంకొకటి కూడా ఉంది. తుడిచిన దాన్ని ఆరబెట్టడం మా ఊళ్ళో లేదు. ఆరేదాకా వదిలేస్తే మళ్ళీ బొగ్గు వాలుతుంది. కడిగిన గిన్నె కడిగినట్టే బోర్లిస్తాం. తుడిచిన దాని మీద వెంటనే ఏదో ఒకటి కప్పేస్తాం.

వీళ్ళు అచ్చంగా అదే చేశారు. బస్తా తుడవడం, తుడిచిన బస్తాను హమాలీ వెంటనే ఎత్తి పేర్చడం, దాని మీద ఇంకో తడి బస్తా. అంతా అయ్యాక దుమ్ము పడకుండా టార్పాలిన్‌లు కప్పి తాళ్ళతో బిగించి కట్టడం. ఊరికే వదిలేసినా ఆ ఎండకు గంటలో ఆరిపోయేవి. అంత జాగ్రత్త చేసి, ఆరే దారి లేకుండా తడినంతా లోపల మూటకట్టారు. అశ్రద్ధ చేసి చెడగొట్టినవాణ్ణి తిట్టొచ్చు. ప్రేమగా చెడగొట్టినవాళ్ళను ఏమనాలి?

నేను నోరు తెరిచాను. అవ్వను ఏమనబోయానో నాకు బాగా గుర్తుంది, ఇక్కడ రాయను. అంతలో తమ్ముడు నాకూ అవ్వకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. వాడి మొహంలో రంగు పోయింది. నా చేతిలో మిషను మీది అంకె వాడూ చూశాడు.

"అక్కా, ఆఫీసుల మాట్లాడుదాం, రా" అన్నాడు. అవ్వ వైపు తిరిగి, "మంచిగ తుడిచిన్రవ్వా. పోయి చాయ్ తాగుండ్రి" అన్నాడు.

ఆఫీసు గదిలో తలుపు మూయగానే నేను మొదలుపెట్టాను. "నేనేం చెప్పిన? పొడి బ్రష్షు అన్ననా లేదా? బియ్యం బస్తాను తడిగుడ్డతోని తుడుస్తరా ఎవలన్న? నువ్వు మిల్లు నడిపెటోనివా, ఇంకేందన్ననా?"

"పొడి బ్రష్షుకు పోతదా అక్కా బొగ్గు?" అన్నాడు.

అంత నష్టం కళ్ళముందు పెట్టుకుని కూడా వాడి నోటి నుంచి మొదట వచ్చిన మాట అది. నవ్వాలో ఏడవాలో తెలియక టేబుల్ మీద ఉన్న నీళ్ళు తాగాను.

తర్వాత వాడు బతిమాలడం మొదలుపెట్టాడు. ఓడలో అన్ని రోజులుంటయి, ఆరిపోతయి అన్నాడు. ఆరవు, ఓడ గర్భంలో గాలి ఆడదు, బూజు పడతాయి, పక్క బస్తాలకు కూడా పాకుతుంది, అక్కడ దించేసరికి మనిషి తినే తిండిగా ఉండవు అన్నాను. అయితే సంచులు విప్పి బయట కల్లంలో ఆరబోస్తానన్నాడు. బయటికి చూడమన్నాను. రోడ్డు మీద బొగ్గు లారీల వరస, గాలికి నల్లటి తెర. ఆ కల్లంలో బియ్యం పోస్తే మాపటికి మిరియాలనుకుంటారు. లోపలే బస్తాలు విడదీసి ఫ్యాన్లు పెట్టమన్నాను. సాయంత్రం దాకా ఉంటాను, ఆరినవాటికి మళ్ళీ గొట్టం వేసి చూస్తానని చెప్పాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేదు.

హమాలీలు బస్తాలు దించి విడదీస్తుంటే ఫోన్లు మొదలయ్యాయి. వాడు ఫోన్ చెయ్యలేదని ఒట్టేశాడు. మరి వీళ్ళందరికీ ఎలా తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. కాకినాడ నుంచి ఎగుమతి వ్యాపారి మనిషి, "మేడం, మీ కోసం ఓడ ఆగదండీ" అన్నాడు. నా కోసం ఆగమని నేనెప్పుడు అడిగాను? మా ఆఫీసు నుంచి ఒక కుర్రది, "మిల్లువాళ్ళతో కొంచెం సాఫ్టుగా మాట్లాడండి" అంది. పెద్దపల్లి నుంచి ఒక లీడరు, "మనూరి పిల్లగాడు మేడం, జర సూడుండ్రి" అన్నాడు. "సూసిన కాబట్టే ఈ లొల్లి" అని పెట్టేశాను.

ఆఖరుకు మా బాపు ఫోన్ చేశాడు.

మా బాపు గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు దిగకముందే తానొక్కడే లోపలికి పోయి, గాలి చూసి, కర్రతో పైకప్పును కొట్టి చూసి, సరే అంటేనే మిగతా మంది పనిలోకి దిగేవారు. గట్టి రూఫు ఖణేల్‌మంటుంది, లోపల పగులున్నది బోలుగా, బొద్దుగా మోగుతుంది. బొద్దుగా మోగిన చోటికి ఎవరు చెప్పినా మందిని పంపేవాడు కాదు. మేనేజరు బొగ్గు టన్నులు తగ్గుతున్నాయని కేకలేసినా పంపేవాడు కాదు. ఇంట్లో ఆ మాటలు వింటూ పెరిగినదాన్ని నేను.

"బిడ్డా, ఆ పిల్లగాని నాయిన నాతోని పనిచేసిండు. మంచోడు. జర సూసీసూడనట్టు పో రాదు" అన్నాడు.

ప్రపంచంలో ఎవరైనా ఆ మాట అనొచ్చు, ఆయన అనకూడదు.

"బాపూ, రూఫు బొద్దుగ మోగినంక నువ్వైతె మందిని దించుతుంటివా?"

"రూఫంటె పానం పోతది బిడ్డా. గివి బియ్యం" అన్నాడు.

"తినేటోనికి పానం ఉండదా?"

"సరె. నీ పని నీకు తెల్సు" అని పెట్టేశాడు. నాతో వాదిస్తే బాగుండేది. నేనూ అరిచి కాస్త తేలికపడేదాన్ని. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడంతో కోపమంతా నాలోనే మిగిలిపోయింది.

సాయంత్రానికి విడదీసిన బస్తాలు కొన్ని ఆరాయి. మొత్తం సరుకులో అది ఏ మూలకు? తక్కినవి తడిగానే ఉన్నాయి, వాసన పొద్దుటికంటే పెరిగింది. లారీలు వచ్చి రోడ్డు పక్కన ఆగాయి. డ్రైవర్లు కిందికి దిగి చాయ్ తాగుతున్నారు. నేను చివరిసారి గొట్టం గుచ్చి, మిషనులో పోసి, అంకె తమ్ముడికి చూపించాను. సరుకు పంపడానికి పనికిరాదని రిపోర్టు రాసి వాడి ఎదురుగానే ఆఫీసుకు పంపించాను. వాడి చేతికి ఒక కాపీ ఇచ్చాను. చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వాడు కిటికీలోంచి గోదాము వైపు చూశాడు. ఆడవాళ్ళు ఇంకా ఇళ్ళకు పోలేదు. లారీలు నిండడం చూసి పోదామని గోడ నీడన కూర్చున్నారు.

"అక్కా, ఒక్కటే మాట. ఆళ్ళకు చెప్పకు" అన్నాడు. "తుడువుమన్నది నేనే. ఆళ్ళు పానం పెట్టి తుడిచిన్రు. ఆళ్ళ చేతుల మీదికెల్లి మిల్లు మూతపడ్డదని తెలిస్తె అవ్వ ఓర్సుకోదు."

"మరేం చెప్తవ్?"

"ఏదో ఒకటి చెప్త. లారీలు దొర్కలేదంట. పార్టనర్ల లొల్లంట."

ఆ లారీలు రోడ్డు మీద కళ్ళెదుటే ఉన్నాయి. అయినా వాడు బయటికి పోయి వాళ్ళతో ఏదో చెప్పాడు. వాళ్ళు లేచి కొంగులు దులుపుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డెక్కారు. నేనూ బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ రోజు మా ఆయనతో కారణం లేకుండా పోట్లాడాను.

ఓడ వెళ్ళిపోయింది. బస్తాలు విప్పి, బియ్యాన్ని మళ్ళీ ఆడించి, దొరికిన కాడికి ఎవరికో అమ్ముకున్నారట. భాగస్తులు చెప్పినంత పనీ చేశారు. ఇప్పుడు ఆ షెడ్లలో సిమెంటు బస్తాలు ఉంటున్నాయి. తమ్ముడు మంచిర్యాలలో వేరేవాళ్ళ మిల్లులో జీతానికి చేరాడు. రోడ్డు మీద ఎదురైతే "బాగున్నవా అక్కా" అంటాడు, ఆగడు.

కాలనీలో మాత్రం నా గురించి ముచ్చట చాన్నాళ్ళు నడిచింది. కూరగాయల బండి దగ్గర ఒకావిడ, పెళ్ళిలో ఇంకొకావిడ, అందరిదీ ఒకటే పాట. "నువ్వు చేసింది కరెక్టే తియ్యి బిడ్డా, కాని..." ఆ "కాని" తర్వాత ఎవరూ ఏమీ అనరు. అనేస్తే నేను జవాబు చెబుతాను కదా, అందుకే అనరు. ఒకరోజు బాపు ముందు కూర్చుని ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాను. ఆయన పేపరు పక్కన పెట్టాడు.

"నేను ఆపినప్పుడల్లా తిట్టిన్రు బిడ్డా. ఆపినంక రూఫు కూలదాయె. కూలకపోతె, ఉత్తగనే ఆపిండన్నరు" అన్నాడు. పేపరు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నీకు ఫోన్ చెయ్యకుండ ఉండాల్సింది" అన్నాడు. నాకు కావలసింది ఆ మాటే. విన్నాక కూడా ఏమంత హాయిగా లేదు.

వానాకాలంలో ఒకరోజు గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను. ముందే నిండిపోయిన ఆటోలో డ్రైవరు ఇంకో ఇద్దరిని కుక్కాడు. వాళ్ళలో ఒకరు నా పక్కన సర్దుకుని కూర్చుని, నా భుజాన ఉన్న సంచినీ అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన గొట్టాన్నీ చూసి, నా మొహంలోకి తొంగిచూసింది.

"నువ్వు బియ్యం సూసెటి బిడ్డవు గాదు?"

మిల్లు అవ్వ. గుర్తుపట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. మనిషి సగమైంది. ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోమే పనికి పోతోందట. పెళ్ళిళ్ళుంటే పని, లేకుంటే లేదు. తనతో పనిచేసిన ఆడవాళ్ళలో కొందరు కూలీకి పోతున్నారు, కొందరు ఇంట్లోనే ఉన్నారు. ఇవన్నీ ఆమె మామూలుగానే చెప్పింది, నన్ను నిష్ఠూరమాడుతున్నట్టు కాదు.

"పాపం మా సారు" అంది. "లారీలు దొర్కక ఆయన కిస్మత్ గట్లయింది. పార్టనర్లు ముంచిన్రు. లేకుంటె మన బియ్యం ఓడెక్కుతుండె గద బిడ్డా?"

నేను సంచిని ఒళ్ళోకి లాక్కున్నాను. ఆటో గుంతలో పడి లేచింది. ఆమె ముందు సీటు కడ్డీ పట్టుకుని నా వైపు వంగింది.

"ఒక్కటడుగుతా? నాకు మనసుల ఉంటది. ఆనాడు నువ్వు మొకం మాడ్సుకున్నవ్. మా పనిల ఏమన్న తక్కువొచ్చిందా? మేం తుడిచింది మంచిగ లేదా?"

నేను ఎవరికీ బాగా లేనిదాన్ని బాగుందని చెప్పను. లీడరుకు చెప్పలేదు, నా కన్నతండ్రికి చెప్పలేదు. ఆ అలవాటు మీద నాకు కొంచెం పొగరు కూడా ఉంది. ఆమె వేళ్ళు చూశాను. కడ్డీని పట్టుకున్న ఆ వేళ్ళు నీళ్ళలో నాని నాని తెల్లబడి ముడతలు పడ్డాయి.

"తెల్లగున్నయి అవ్వా" అన్నాను. "నేను ఎన్నో మిల్లులు తిరిగిన. గంత తెల్లటి సంచులు యాడ సూడలె."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆమె మొహం విప్పారింది. అవతలి పక్కన కూర్చున్నావిడ మోచేతిని పొడిచి, "ఇన్నవా? నేను చెప్తె మా కోడలు నమ్మదు. మేడమే అంటున్నది సూడు. యాడ లేవట గంత తెల్లటియి" అని మొదలుపెట్టింది. బకెట్ల నీళ్ళు ఎన్నిసార్లు మార్చారో, ఒక్కో సంచిని ఎలా తిప్పి తిప్పి తుడిచారో, తుడిచినవాటి మీద మళ్ళీ దుమ్ము పడకుండా తానే దగ్గరుండి టార్పాలిన్ ఎలా కప్పించిందో చెబుతోంది. ఆవిడ వింటోంది, వెనక సీట్లో వాళ్ళూ వింటున్నారు. నేను దిగాల్సిన చోటు ఇంకా చాలా దూరం ఉంది. డ్రైవరును ఆపమని చెప్పి, ఆ వానలోనే దిగిపోయాను.